గుడి గుమ్మానికి 'గన్స్ వద్దు' బోర్డు పెట్టాలా? హవాయి కేసు, టెక్సాస్ చట్టం, మన హక్కు

ప్లేనో_ప్రసాద్
జనవరి 21, 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా గుడి వాట్సాప్ గ్రూపులో మూడు వారాల నుంచి ఒకటే గొడవ. మొన్న డిసెంబర్ 30న ముక్కోటి ఏకాదశికి తెల్లారుజామున నాలుగింటికే ఉత్తర ద్వారం లైను పార్కింగ్ దాకా వచ్చేసింది, ఆ తోపులాటలో ఒకాయన వంగి పిల్లాడిని ఎత్తుకుంటుంటే లాల్చీ పైకి లేచి నడుం దగ్గర పిస్టల్ కనపడింది, వెనకాల నిలబడ్డ పెద్దావిడ చూసి కంగారుపడి అర్చకుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయనకి ఎల్‌టీసీ (టెక్సాస్ ఇచ్చే గన్ వెంట పెట్టుకునే లైసెన్స్) ఉంది, పదేళ్ళుగా గుడికి వస్తున్న మనిషి, ఏ తప్పూ చెయ్యలేదు. ఆవిడ భయం కూడా నాకు అర్థమవుతుంది, ఊళ్ళో ఆవిడ తుపాకీ చూసింది పోలీసు భుజానే కదా. కానీ అది పట్టుకుని కమిటీలో కొందరు గుమ్మానికి 30.05, 30.06, 30.07 మూడు బోర్డులూ పెట్టేద్దాం అంటున్నారు. అవి టెక్సాస్ చట్టం సెక్షన్ల నంబర్లు: 30.05 అంటే లైసెన్స్ లేకుండా గన్ తేవద్దని, 30.06 అంటే లైసెన్స్ ఉన్నా దాచుకుని తేవద్దని, 30.07 అంటే లైసెన్స్ ఉన్నా కనపడేలా తేవద్దని. ఫిబ్రవరి 8 ఆదివారం ఓటింగ్.

నేను వద్దు అంటున్నా. గుడి మీదకి రావాలని నిర్ణయించుకున్న దుర్మార్గుడు గుమ్మం దగ్గర ఆగి బోర్డు చదివి వెనక్కి పోడు. చదివి ఆగేది ఎవరు? వేలిముద్రలిచ్చి, క్లాసులో కూర్చుని, షూటింగ్ రేంజ్‌లో 50 రౌండ్లు కాల్చి పాసై, లైసెన్స్ తెచ్చుకున్నవాడు. వాడు చట్టానికి కట్టుబడి గన్ తీసుకెళ్ళి కార్లో పెట్టొస్తాడు. అంటే పండగ రోజు మా పార్కింగ్‌లో కొన్ని కార్లలో గన్స్ ఉన్నాయని దొంగలకి మనమే బోర్డు కట్టి చెప్తున్నట్టు. ఇప్పటికే పెళ్ళిళ్ళ సీజన్లో కార్ల అద్దాలు పగలగొట్టి బంగారం బ్యాగులు ఎత్తుకుపోతున్నారు, ఆ పక్కన గన్ కూడా దొరికితే అది రేపు ఏ గ్యాస్ స్టేషన్ కౌంటర్ మీద తేలుతుందో ఆలోచించండి.

ఇంకోటి, నిన్ననే సుప్రీంకోర్టులో వోల్ఫోర్డ్ వర్సెస్ లోపెజ్ వాదనలు అయ్యాయి. 2022లో బ్రూయెన్ తీర్పు వచ్చి ఇంటి బయట కూడా గన్ మోసే హక్కు ఉందని కోర్టు 6-3తో చెప్పాక, హవాయి 2023లో ఒక చట్టం తెచ్చింది. షాపు గానీ హోటల్ గానీ పెట్రోల్ బంక్ గానీ, ఓనరు ప్రత్యేకంగా "సరే, తెచ్చుకో" అని చెప్తేనే లైసెన్స్ ఉన్నవాడు లోపలికి గన్‌తో పోవచ్చు. ఓనరు ఏమీ మాట్లాడకపోతే గన్‌తో పోవడం నేరం. మన టెక్సాస్‌లో దీనికి ఉల్టా, ఓనరు వద్దు అంటేనే వద్దు. హవాయి పద్ధతిలో ఒకడు పాలు కొనుక్కోవడానికి పోవాలన్నా ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అడగాలి. అంటే హక్కు ఇచ్చినట్టే ఇచ్చి వీధిలోనే కట్టిపడేశారు. కోర్టు దీన్ని కొట్టేస్తుందని నాకు గట్టి నమ్మకం.

మీ గుళ్ళలో ఎలా చేస్తున్నారు? టెక్సాస్ బయటి వాళ్ళు కూడా చెప్పండి.


ఎడిసన్_మూర్తి
జనవరి 21, రాత్రి 10:25

ప్రసాద్ గారూ, హవాయి ఒక్కటే కాదండి, ఆ రూలు పెట్టినవి అయిదు రాష్ట్రాలు. న్యూయార్క్, మా న్యూజెర్సీ, మేరీల్యాండ్, కాలిఫోర్నియా, హవాయి. అన్నిచోట్లా కోర్టుల్లో నలుగుతోంది. బ్రూయెన్‌లో ఏం చెప్పారంటే, గన్ మీద ఏ ఆంక్ష పెట్టినా ఈ దేశ చరిత్రలో అలాంటిది ఉండేదని ప్రభుత్వమే చూపించాలి. మరి హవాయి వాళ్ళు, వాళ్ళని సమర్థించిన 9వ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు, చూపించిన చరిత్ర ఏంటో తెలుసా? ఒకటి 1771 నాటి మా న్యూజెర్సీ చట్టం, అది జింకల దొంగ వేట ఆపడానికి పెట్టింది. రెండోది 1865 లూసియానా చట్టం. 1865లో లూసియానా అంటే అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళ చేతిలో తుపాకీ లేకుండా చెయ్యడానికి తెచ్చిన బ్లాక్ కోడ్స్ కాలం. ఆ చట్టాన్ని 2026లో సుప్రీంకోర్టు ముందు పెట్టి ఇదే మా సంప్రదాయం అంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మా దగ్గర సంగతి కూడా చెప్తా. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక పిస్టల్ కొనాలంటే ముందు ఎఫ్‌పీఐడీ కార్డు (గన్ కొనేవాళ్ళ గుర్తింపు కార్డు), దానికి వేలిముద్రలు, ఇద్దరి రెఫరెన్సులు, మానసిక ఆరోగ్య రికార్డుల సమ్మతి. తర్వాత పిస్టల్‌కి విడిగా పర్మిట్, నెలకి ఒకటే. కేరీ పర్మిట్, అంటే గన్ వెంట పెట్టుకుని తిరిగే అనుమతి, కావాలంటే బంధువులు కాని నలుగురు రెఫరెన్స్ ఇవ్వాలి, 200 డాలర్ల ఫీజు, ట్రైనింగ్. మ్యాగజైన్‌లో 10 బుల్లెట్లు మించకూడదు. హాలో పాయింట్ బుల్లెట్లు (తగలగానే ముందు భాగం విచ్చుకునేవి) ఇంట్లో, రేంజ్‌లో ఓకే, జేబులో పెట్టుకుని తిరిగితే నేరం, అసలు పక్కవాడికి తగలకుండా ఆగిపోయేవి అవే కాబట్టి దేశమంతా పోలీసులు వాడేది అవే. నాకు మొదటి కార్డు చేతికి రావడానికి అయిదు నెలలు పట్టింది, మా ఊరి ఆఫీసులో ఫోన్ ఎత్తినప్పుడల్లా "ఇంకా చూస్తున్నాం" అనేవారు. 2022కి ముందైతే "న్యాయమైన అవసరం" చూపించమని మామూలు మనిషికి కేరీ అసలు ఇచ్చేవాళ్ళే కాదు. బ్రూయెన్ వల్లే నాకు వచ్చింది, ఆ తీర్పు రాసిన జస్టిస్ థామస్ గారికి రెండు చేతులా దండం.


స్టోర్_శ్రీను
జనవరి 22, ఉదయం 1:15

ఇప్పుడే షాప్ మూసి వచ్చా, ఇది చూసి రాయకుండా ఉండలేకపోయా.

హ్యూస్టన్ బయట నాది చిన్న కన్వీనియెన్స్ స్టోర్. 2021 నవంబర్, రాత్రి పదకొండున్నర. కుర్రాడు లోపలికి వచ్చి కూలర్ దగ్గరకి పోయాడు, ఏమీ తీసుకోలేదు, డోర్ తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఆ డోర్ చప్పుడుకే నాకు గుండె దడ మొదలైంది. కౌంటర్ దగ్గరకి వచ్చి జాకెట్ లోంచి తీశాడు. నేను క్యాష్ డ్రాయర్ తీసి మొత్తం ఇచ్చేశా, లాటరీ డబ్బులతో సహా. ఇచ్చేశాక కూడా వాడు పోలేదు. వెనక రూంలోకి నడువు అన్నాడు. ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది, వెనక రూంలోకి పోయిన వాళ్ళు బయటికి రారు, మన తెలుగు పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు, కౌంటర్ వెనక పడిపోయిన మన పిల్లల ఫొటోలు. వాడు తలుపు వైపు తల తిప్పాడు, ఒక్క సెకను. నేను రిజిస్టర్ కింద నుంచి తీసి వాడి మీద పెట్టా. కాల్చలేదు. వాడు డబ్బులు కింద పడేసి పరిగెత్తాడు. చేతులు వణుకుతుంటే 911 కొట్టా, వాళ్ళు వచ్చేసరికి 14 నిమిషాలు, కెమెరా టైములో చూశా. వాళ్ళని తప్పు పట్టట్లేదు, ఆ ఏరియాలో ఉన్నదే ఇద్దరు ఆఫీసర్లు.

నా గన్ మీద ఒక్క బుల్లెట్ ఖర్చు కాలేదు కాబట్టి ఏ లెక్కలోనూ నేను లేను. టీవీలో చూపించే గన్ లెక్కల్లో నేను బతికిన రాత్రి ఉండదు. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అంతే, వాళ్ళకే తెలుసు.

బోర్డు వద్దు ప్రసాద్ అన్నా. నా ఓటు మీ గుళ్ళో లేదు గానీ ఉంటే అదే.


ఫ్రీమాంట్_లలిత
జనవరి 22, ఉదయం 11:02

శ్రీను గారూ, మీరు క్షేమంగా ఉన్నందుకు నిజంగా సంతోషం. కానీ నా మాట కూడా వినండి. మా పాప ఒకటో తరగతి. స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేయిస్తారు. పోయిన నెల ఇంట్లో చూస్తే మూడేళ్ళ తమ్ముడిని బట్టల అల్మారాలో కూర్చోబెట్టి, నోటి మీద చెయ్యి పెట్టి, "ఏడవకూడదు, ఏడిస్తే వాడికి తెలిసిపోతుంది" అని నేర్పిస్తోంది. ఆ వాడు ఎవడో దానికి తెలీదు. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చా.

టెక్సాస్‌లోని యువాల్డీ స్కూల్లో 2022 మేలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. చంపినవాడికి 18 ఏళ్ళు, గన్ షాపులో చట్టప్రకారమే కొన్నాడు. 2023లో అలెన్ మాల్‌లో 8 మంది చనిపోయారు, అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. మీరందరూ హక్కు అంటున్నారు. కనీసం దేవుడి ఇల్లు అయినా గన్ లేని చోటుగా ఉండాలి అనుకోవడం తప్పా?


రేంజ్_రెడ్డి
జనవరి 22, మధ్యాహ్నం 12:48

లలితమ్మా, నేను డాలస్ దగ్గర ఎల్‌టీసీ క్లాసులు చెప్తుంటా, మన తెలుగువాళ్ళే సగం మంది వస్తారు. నీ పోస్టు రెండుసార్లు చదివా. నీ పాప గురించి రాసింది చదివాక వెంటనే జవాబు రాయలేకపోయా.

నువ్వే యువాల్డీ అన్నావ్ కదా, నేను కూడా అక్కడి నుంచే చెప్తా. ఆ రోజు బయట పోలీసులు వందల్లో చేరారు. తలుపు తీసి లోపలికి పోవడానికి 77 నిమిషాలు పట్టింది. తల్లిదండ్రులు మమ్మల్ని వదలండి మేమే పోతాం అని బతిమాలుతుంటే వాళ్ళని పట్టుకుని ఆపారు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, 2005లో క్యాజిల్ రాక్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, కోర్టు రక్షణ ఆర్డర్ ఉన్నా సరే పోలీసులు దాన్ని అమలు చేసి తీరాలి అని అడిగే రాజ్యాంగ హక్కు మనకి లేదు. కొలరాడోలో ఒక తల్లి, ముగ్గురు కూతుళ్ళని తండ్రి ఎత్తుకుపోయాడని రాత్రంతా పోలీసులకి ఫోన్లు చేసింది, ముగ్గురూ చనిపోయారు. ఆ కేసు అది. చివరికి నీ ఇంటికి నువ్వే కాపలా అనేది గన్ కంపెనీలు పుట్టించిన మాట కాదమ్మా, చట్టంలో ఉన్న పరిస్థితే అది.

దేవుడి ఇల్లు అన్నావ్. 2017లో సదర్‌ల్యాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది పోయారు. పారిపోతున్న హంతకుడిని ఎదిరించింది పక్కింటాయన, తన రైఫిల్‌తో. 2019 డిసెంబర్ 29న ఫోర్ట్ వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో కూడా ఒకడు షాట్‌గన్ తీశాడు, ఇద్దరిని చంపాడు, ఆరు సెకన్లలో చర్చి వాలంటీర్ ఒకాయన ఒక్క తూటాతో వాణ్ణి ఆపేశాడు. లోపల రెండొందల మందికి పైగా ఉన్నారు. అదే సంవత్సరం సెప్టెంబర్ నుంచే టెక్సాస్‌లో ప్రార్థనా స్థలాల్లో లైసెన్స్ ఉన్నవాళ్ళు, కమిటీ వద్దనకపోతే, కేరీ చెయ్యొచ్చని చట్టం స్పష్టం చేశారు. నాలుగు నెలలు కాలేదు, దాని విలువ తెలిసింది. ఇండియానాలో గ్రీన్‌వుడ్ మాల్‌లో 2022 జూలైలో ఇలాగే, 22 ఏళ్ళ కుర్రాడు 15 సెకన్లలో ఆపాడు, ఆ రాష్ట్రంలో పర్మిట్ లేకుండా కేరీ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి రెండు వారాలు. ఆ మాల్‌లో కూడా గన్స్ వద్దు అనే రూలు ఉంది.

కానీ నీ భయంలో ఒక భాగం నాది కూడా. గన్ ఉన్న ఇంట్లో అది పిల్లల చేతికి అందితే ఏ హక్కూ ఆ ఇంటిని కాపాడదు. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా పెడితే అది నేరం. నా క్లాసులో మొదటి గంట దాని మీదే. అల్మారా మీద చీరల కింద పెట్టా, దిండు కింద పెట్టా అనేవాళ్ళని నేను అక్కడే లేపి ముందు సేఫ్ కొనుక్కురండి అంటా. వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్ మంచం కాలికి స్టీల్ కేబుల్‌తో కట్టేసుకోవాలి, రెండు సెకన్లలో నీ చేతికి వస్తుంది, పిల్లాడికి రాదు. ఈ పని గవర్నమెంట్ చెప్పాలా, మనకే ఉండాలి.


వరంగల్_వేణు
జనవరి 22, సాయంత్రం 5:30

రెడ్డి అన్న మంచిగ చెప్పిండు. గుళ్ళె ఆయుధం ఏంది అనెటోళ్ళకు నాదొక మాట. రాముని చేతుల కోదండం లేదా? దుర్గమ్మ చేతుల ఎన్ని ఆయుధాలున్నయి? దసరా నాడు మనం ఆయుధపూజ చేస్తలేమా? మా తాత జమ్మి చెట్టు కాడికి పోయేముందు గొడ్డలికి కొడవలికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టిచ్చెటోడు. ఆయుధం పాపం అని మనకు ఎవ్వరు నేర్పలే. చేతిల ఉన్నోడు ఎట్లాంటోడు అన్నదే నేర్పిన్రు.

కని గుళ్ళె ఒక ఇబ్బంది ఉంది, పంచె కట్టుకొని పైన కండువా ఏసుకుంటె హోల్‌స్టర్, గదే గన్ పెట్టె తొడుగు, యాడ పెడ్తవ్? ఇంక అది తోలుదైతె లోపటికి తేవద్దు కద. నేనైతె గట్టి ప్లాస్టిక్ కైడెక్స్ హోల్‌స్టర్, దానికింద వేరే బెల్టు, పైన పొడుగు కుర్తా. అర్చన ఉన్న రోజు పంచెల పోతె గన్ ఇంట్లనే సేఫ్ల పెట్టి పోత. ముక్కోటికి కనపడ్డాయన తప్పు జేసిండని అంటలే గని, కేరీ జేసెటోడు వంగితె లేస్తె బట్టల కెళ్ళి బయటికి కనపడకుంట అద్దం ముంగట చూసుకొని పోవాలె. గది మన బాధ్యత.


హెచ్1బీ_కిరణ్
జనవరి 22, రాత్రి 8:11

అన్నలూ ఒక డౌట్. నేను హెచ్1బీ, ఇర్వింగ్‌లో ఉంటా, గ్రీన్‌కార్డ్ లైన్ ఎప్పటికి వస్తుందో దేవుడికే తెలియాలి. మా అపార్ట్‌మెంట్లలో రెండు బ్రేక్-ఇన్‌లు అయ్యాయి. నేను గన్ కొనొచ్చా? మా రూంమేట్ సిటిజన్, వాడి పేరు మీద కొని నా దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది అంటున్నాడు.


రేంజ్_రెడ్డి
జనవరి 22, రాత్రి 8:30

కిరణ్ తమ్ముడూ ఆగు. ఆ రెండో మాట ఇంకెక్కడా అనకు. ఒకరి కోసం ఇంకొకరు కొంటే అది స్ట్రా పర్చేజ్, 2022 బైపార్టిసన్ సేఫర్ కమ్యూనిటీస్ యాక్ట్ దాన్ని ప్రత్యేక ఫెడరల్ నేరం చేసింది, 15 ఏళ్ళ దాకా జైలు. గన్ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో అబద్ధం రాయడం విడిగా ఇంకో నేరం.

వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4, ఎవరైనా, మామూలుగా గన్ గానీ ఒక్క బుల్లెట్ గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది పెట్టుకున్నట్టే లెక్క. మన పిల్లలు బర్త్‌డే పార్టీకని రేంజ్‌కి పోయి ఫొటోలు పెడతారు, వాళ్ళకి ఆ సంగతే తెలీదు. దీనికి చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది, ఏ రాష్ట్రానిదైనా చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే ఓకే. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి పోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కూడా చెయ్యాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది చేసెయ్. ముఖ్యమైంది ఏంటంటే లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున రెన్యువల్ లేకుండా నీ సేఫ్‌లో గన్ ఉంటే నువ్వు ఫెడరల్ చట్టం ప్రకారం నేరస్తుడివి. క్యాలెండర్‌లో రాసుకో.

ఇంక రూంమేట్ గన్ ఉన్న ఇంట్లో నువ్వు లైసెన్స్ లేకుండా ఉంటే, అది వాడి తాళంలో, నీకు అందకుండా ఉండాలి. సేఫ్ కోడ్ నీకు తెలిస్తే నీ దగ్గర ఉన్నట్టే వాదిస్తారు. గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ళు సిటిజన్లలాగే కొనొచ్చు, కానీ వాళ్ళకి కూడా ఒక్క మాట, గన్ నేరం ఏదైనా ఒక్క కన్విక్షన్ పడితే దేశం నుంచి పంపించడానికి అది చాలు. సిటిజన్‌కి జరిమానాతో పోయేది మనకి ఇల్లూ వాకిలీ పోయేంత అవుతుంది. కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడు, ఆ డబ్బు దండగ కాదు.


హెచ్1బీ_కిరణ్
జనవరి 22, రాత్రి 8:52

బాబోయ్. థాంక్స్ అన్నా. పోయిన సమ్మర్‌లో రేంజ్‌కి పోయా నేను కూడా. హంటర్ ఎడ్యుకేషన్ ఈ రాత్రే మొదలెడతా.


శాన్‌రామన్_రవి
జనవరి 23, ఉదయం 7:20

కాలిఫోర్నియా నుంచి. లలిత గారూ మీరూ నేనూ ఒకే రాష్ట్రం కాబట్టి చెప్తున్నా, మన దగ్గర లేని ఆంక్ష ఏది? సేఫ్టీ పరీక్ష రాయాలి, 10 రోజులు ఆగాలి, 10 బుల్లెట్ల మ్యాగజైన్, రాష్ట్రం ఆమోదించిన రోస్టర్‌లో ఉన్న మోడల్సే కొనాలి, 2024 జూలై నుంచి ప్రతి గన్ మీదా బుల్లెట్ మీదా 11 శాతం అదనపు పన్ను. ఇప్పుడు కొత్తగా గవర్నర్ న్యూసమ్ పోయిన అక్టోబర్‌లో ఏబీ 1127 మీద సంతకం పెట్టాడు, ఈ జూలై 1 నుంచి డీలర్లు గ్లాక్ లాంటి పిస్టల్స్ అమ్మకూడదు. ఎందుకంటే ఎవడో దొంగ దానికి స్విచ్ తగిలించి మెషిన్ గన్ చేస్తున్నాడంట. ఆ స్విచ్ పెట్టుకోవడం ఇప్పటికే పెద్ద ఫెడరల్ నేరం. దాన్ని తగిలించేవాణ్ణి పట్టుకోవడం మానేసి దేశంలో చాలామంది కొనే పిస్టల్‌ని షాపులోంచి తీసేస్తారు. ఇంటి తాళం పగలగొట్టేవాడు సుత్తి వాడాడని సుత్తులు అమ్మడం ఆపేసినట్టు ఉంది.

11 శాతం పన్ను ఎవరికి భారం? మాకు కాదు, సాఫ్ట్‌వేర్ జీతాలు. ఓక్లండ్‌లో రాత్రి షిఫ్ట్ చేసి బస్సులో ఇంటికి పోయే ఆవిడకి భారం, ఎక్కువ ప్రమాదం ఉన్నది కూడా ఆవిడకే.


తెనాలి_సత్యం
జనవరి 23, మధ్యాహ్నం 3:05

నేను ఇండియా నుంచి చదువుతున్నాను, మా అబ్బాయి నార్త్ కరోలినాలో ఉంటాడు. ఇక్కడి సంగతి మీ పిల్లలకి తెలియకపోవచ్చు కనక రాస్తున్నాను.

1857 తిరుగుబాటు చూసి భయపడ్డ తెల్లవాడు 1878లో ఆయుధాల చట్టం తెచ్చాడు, భారతీయుడికి లైసెన్స్ కావాలి, యూరోపియన్లకి మినహాయింపు. అప్పుడు ఊడిన హక్కు స్వాతంత్ర్యం వచ్చినా తిరిగి రాలేదు. 1959 చట్టం వచ్చింది, అదీ లైసెన్సే, కలెక్టర్ గారి దయ, కమిషనర్ గారి దయ. 2019 సవరణలో మనిషికి మూడు ఉండేది రెండు చేశారు. ఎన్నికలొస్తే ఉన్న తుపాకీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. కొడగు వాళ్ళకి ఒక్కళ్ళకే పాత మినహాయింపు ఇప్పటికీ నడుస్తోంది, వాళ్ళు పెళ్ళిళ్ళలో తుపాకీకి పూజ చేసుకుంటారు, ఆ జిల్లా ఏమీ రక్తపాతంలో మునిగిపోలేదు.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మొదట చేసిన పని ఏమిటి? చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. ఖజానా కోసం కాదు, తుపాకుల కోసం. మన్యం మనిషి చేతిలో విల్లు, ఎదురుగా సర్కారు చేతిలో రైఫిల్. ఆ తేడా ఏంటో ఆయనకి తెలుసు. మీకు అక్కడ రాజ్యాంగం రెండో సవరణలోనే అది రాసిపెట్టి ఇచ్చారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి నాయనా.


ప్లేనో_ప్రసాద్
జనవరి 23, రాత్రి 9:15

సత్యం బాబాయ్ గారూ, మీ పోస్టు మా కమిటీ గ్రూపులో పెట్టా, అనుమతి అడగనందుకు క్షమించండి. సీతారామరాజు పేరు చూసి మూడు వారాలుగా మౌనంగా ఉన్నవాళ్ళు కూడా మాట్లాడారు.


స్టోర్_శ్రీను
జనవరి 24, ఉదయం 12:50

మన వాళ్ళు రాజకీయం కూడా కొంచెం చూసుకోండి, ఓటు ఉన్నవాళ్ళు ముఖ్యంగా. జనవరి 1 నుంచి సప్రెసర్‌కి (గన్ చప్పుడు తగ్గించే గొట్టం), చిన్న బ్యారెల్ రైఫిల్‌కి 200 డాలర్ల పన్ను సున్నా అయింది, పోయిన జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లులో అది. 1934 నుంచి ఉన్న పన్ను అది. కానీ రిజిస్ట్రేషన్, వేలిముద్రలు అలాగే ఉన్నాయి, పూర్తిగా తీసేద్దామంటే సెనేట్ నియమాలు చూసే అధికారి, పార్లమెంటేరియన్, రూల్స్ ఒప్పుకోవు అంది. పన్నే లేనప్పుడు పన్ను కోసం పెట్టిన రిజిస్టర్ ఎందుకు అని ఇప్పటికే కేసులు పడ్డాయి, న్యాయంగా అయితే గెలవాలి. సినిమాలో చూపించినట్టు సప్రెసర్ పెడితే చప్పుడు రాకుండా ఉండదు, చెవులు పోకుండా ఉంటాయి అంతే.

ఒక రాష్ట్రం కేరీ పర్మిట్ మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లేలా చేసే కేరీ రెసిప్రాసిటీ బిల్లు హెచ్ఆర్ 38 పోయిన మార్చిలో హౌస్ జ్యుడీషియరీ కమిటీ దాటింది, ఇంకా ఫ్లోర్ మీదకి రాలేదు, సెనేట్‌లో 60 ఓట్లు ఎక్కడివి. డ్రైవింగ్ లైసెన్స్ అన్ని రాష్ట్రాల్లో పనిచేస్తుంది, ఇది పనిచెయ్యదు. నేను న్యూజెర్సీలో మా అక్క ఇంటికి పోవాలంటే గన్ ఇక్కడ వదిలే పోవాలి.


ఎడిసన్_మూర్తి
జనవరి 24, ఉదయం 8:40

తప్పకుండా వదిలే రండి శ్రీను గారూ. 2013లో ఫిలడెల్ఫియా నుంచి ఒక ఒంటరి తల్లి అట్లాంటిక్ సిటీ వస్తూ ట్రాఫిక్ స్టాప్‌లో తనంతట తనే చెప్పింది, నా దగ్గర పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది, గన్ ఉంది అని. అరెస్ట్ చేశారు, జైల్లో పెట్టారు, ఏళ్ళ శిక్ష పడే కేసు పెట్టారు. 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చేదాకా ఆమె మనశ్శాంతిగా లేదు. నిజం చెప్పినందుకు శిక్ష. దారిలో మా రాష్ట్రం దాటి పోవాల్సొస్తే 1986 ఫెడరల్ చట్టం ఉంది, గన్ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో, బుల్లెట్లు విడిగా, మధ్యలో ఆగి హోటల్లో పడుకోకుండా పోవాలి.


వరంగల్_వేణు
జనవరి 24, ఉదయం 10:05

ఇంకో కేసు కూడా చూస్తుండున్రి, హెమానీ కేసు, మార్చి 2న సుప్రీంకోర్టుల వాదనలు. గంజాయి తాగెటోళ్ళకు గన్ ఉండద్దనే ఫెడరల్ చట్టం మీద. రాష్ట్రంల గంజాయి లీగల్ అయినా 4473ల దానికి అవును అని రాస్తె గన్ ఇయ్యరు, కాదు అని అబద్ధం రాస్తె జైలు. ఈ ముచ్చట్ల ట్రంప్ సర్కార్ మన దిక్కు లేదు, చట్టాన్ని కాపాడుతాంది. హవాయి కేసుల మన దిక్కు వాదించిన సర్కారే ఇది. పార్టీని జూసి చప్పట్లు కొట్టుడు కాదు, ఏ కేసుల ఎటు నిలబడ్డరో చూడాలె.


ఫ్రీమాంట్_లలిత
జనవరి 25, రాత్రి 9:30

అందరి పోస్టులూ చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, యువాల్డీలో 18 ఏళ్ళ వాడికి అంత తేలిగ్గా ఎలా దొరికిందనే ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. కానీ ఎవరూ నన్ను తక్కువ చేసి మాట్లాడలేదు. రెడ్డి గారూ, మా తమ్ముడు ఆస్టిన్‌లో ఉంటాడు, వాడి దగ్గర గన్ ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. వేసవిలో పిల్లలతో వాళ్ళింటికి వెళ్తున్నాం. వాణ్ణి ఏం అడగాలి?


రేంజ్_రెడ్డి
జనవరి 25, రాత్రి 9:58

మూడు అడుగమ్మా. సేఫ్ ఎక్కడ, కోడ్ ఎవరికి తెలుసు, రాత్రి పడుకునేటప్పుడు ఎక్కడ పెడతాడు. తడుముకుంటే నా నంబర్ ఇస్తా, నేను మాట్లాడతా. పాపకి ఒకటి నేర్పు, ఎక్కడైనా గన్ కనపడితే ముట్టుకోకూడదు, అక్కడి నుంచి వచ్చెయ్యాలి, పెద్దవాళ్ళకి చెప్పాలి.

నీ 18 ఏళ్ళ ప్రశ్నకి నా జవాబు నీకు నచ్చకపోవచ్చు. అతని గురించి చుట్టూ ఉన్నవాళ్ళు ముందే చాలా చూశారు, ఎవరూ అడుగు వెయ్యలేదు. 2022 చట్టంలో 21 లోపు వాళ్ళు కొంటే జువనైల్ రికార్డులు కూడా చూడాలని పెట్టారు, దాన్ని నేను వ్యతిరేకించట్లేదు. ఆ వయసులో సైన్యానికి పంపిన పిల్లాడికి మొత్తంగా హక్కే లేదంటే మాత్రం ఒప్పుకోను.


ప్లేనో_ప్రసాద్
ఫిబ్రవరి 8, రాత్రి 10:10

ఓటింగ్ అయింది. మూడు గంటలు కూర్చున్నాం, ప్రసాదం పులిహోర రెండుసార్లు వేడిచేశారు.

30.06 బోర్డు పెట్టట్లేదు. 30.05, 30.07 పెడుతున్నారు. అర్థం ఏంటంటే బయటికి కనపడేలా ఎవరూ తేకూడదు, లైసెన్స్ లేకుండా తేకూడదు, ఎల్‌టీసీ ఉండి కనపడకుండా తెచ్చుకునేవాళ్ళకి అడ్డు లేదు. నేను కోరుకున్నది ఏ బోర్డూ వద్దని. పర్మిట్ లేకుండా కేరీ చెయ్యడం 2021 సెప్టెంబర్ నుంచి ఈ రాష్ట్రంలో చట్టబద్ధమే, వాళ్ళని ఆపడం నాకు నచ్చలేదు, ఆ మాట మినిట్స్‌లో రాయించా. ఒకరు ఎ4 కాగితం మీద ప్రింట్ తీసి అంటిద్దాం అన్నారు, 30.07 కుదరదని చూపించా, ఇంగ్లీష్ స్పానిష్ రెండిట్లో ఉండాలి, అంగుళం ఎత్తు అక్షరాలు ఉండాలి, ప్రతి గుమ్మానికీ కనపడేలా ఉండాలి.

వాలంటీర్ సెక్యూరిటీ టీం పెడుతున్నాం. 2017 నుంచి ప్రార్థనా స్థలాల వాలంటీర్లకి దానికోసం గార్డు లైసెన్స్ అక్కర్లేదు, సెక్యూరిటీ అని రాసిన యూనిఫాం వేసుకోకూడదంతే. ఏడుగురు పేర్లిచ్చారు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ఉగాది మార్చి 19, ఆ లోపల తయారవ్వాలి. రెడ్డి గారూ, మీరు మాటిచ్చారు.

ముక్కోటి రోజు భయపడ్డ పెద్దావిడ కూడా వచ్చారు. ఆవిడ బోర్డు వైపే ఓటేశారు. వెళ్ళేటప్పుడు నా దగ్గరకొచ్చి, "బాబూ, నువ్వు గుమ్మం దగ్గర నిలబడతావా మరి?" అని అడిగారు. నిలబడతానమ్మా అన్నా.


రేంజ్_రెడ్డి
ఫిబ్రవరి 8, రాత్రి 10:34

వచ్చే ఆదివారం పొద్దున 8కి. ఏడుగురూ ఎల్‌టీసీ కాపీ, కైడెక్స్ హోల్‌స్టర్, గట్టి బెల్టు, 150 రౌండ్లు తెచ్చుకోవాలి. చెవి మఫ్‌లు, కళ్ళద్దాలు నా దగ్గర ఉన్నాయి. మొదటి రెండు గంటలు గన్ ముట్టుకోం, రక్తం ఆపే టూర్నికెట్ పట్టీ కట్టడం, 911తో ఎలా మాట్లాడాలి, పోలీసులు లోపలికి వచ్చినప్పుడు చేతులు ఎక్కడ ఉండాలి, ఇవి. ఎల్‌టీసీ లేనివాళ్ళు మధ్యాహ్నం విడిగా రండి, రాష్ట్రం ఫీజు 40 డాలర్లు, నా క్లాసుకి డబ్బులు వద్దు.


స్టోర్_శ్రీను
ఫిబ్రవరి 9, ఉదయం 1:05

హ్యూస్టన్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్. ఆదివారం షాపు మా ఆవిడ చూసుకుంటానంది. ఎనిమిదో వాడిగా నన్ను రాసుకోండి.